బాలల మరణాలపై ప్రభుత్వ సమీక్ష: చట్టాలు, కమిటీలు, బాధ్యతలు

గుంటూరు నగరపాలక సంస్థలో 2012లో విలీనమైన నల్లపాడు పరిసరాలు పత్తి, మిరప సాగుకు పేరుపొందినవి. మిరప కోతల కాలంలో ఇతర జిల్లాల నుండి కూలీ కుటుంబాలు పిల్లలతో సహా ఈ మైదానానికి తరలివచ్చి, పొలాల వద్దనే గుడారాలు వేసుకొని నివసిస్తాయి. అటువంటి చోట ఒక బిడ్డ మరణించినపుడు రెండు ప్రశ్నలు ఉదయిస్తాయి. దోషి ఎవరన్నది మొదటిది. ఆ మరణాన్ని ఆపగల అవకాశం ఎవరికి, ఎప్పుడు కలిగినదన్నది రెండవది. మొదటి ప్రశ్న న్యాయస్థానానికి చెందినది. రెండవది సమీక్షకు చెందినది.

పోలీసు దర్యాప్తు

అనుమానాస్పద మరణం సంభవించినపుడు పోలీసులు శవపంచనామా జరిపి, అవసరమైన చోట పోస్టుమార్టం చేయించవలెను. 2024 జూలై 1 నుండి ఈ విధానం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ క్రింద అమలవుతున్నది. బాలల సంరక్షణ బాధ్యత గలవారు వారిని హింసించినా, ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేసినా బాల న్యాయ చట్టం–2015లోని 75వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్ష గాని, లక్ష రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును. సంరక్షణ సంస్థల సిబ్బంది విషయంలో శిక్ష ఐదేళ్ల వరకు ఉన్నది. అయితే తమ చేతిలో లేని పరిస్థితుల వలన కన్నవారు బిడ్డను విడిచినట్లు తేలితే ఈ సెక్షన్ వర్తించదని చట్టమే స్పష్టం చేసినది. పేదరికం నేరం కారాదన్నది ఇందలి ఉద్దేశం.

శిశు మరణాల సమీక్ష

ఐదేళ్ల లోపు పిల్లల మరణాల సమీక్షకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2014లో మార్గదర్శకాలు జారీ చేసినది. వీటి ప్రకారం గ్రామంలో సంభవించిన మరణాన్ని ఆశా కార్యకర్త తెలియజేయగా, ఎ.ఎన్.ఎం. ఇంటికి వెళ్లి ప్రాథమిక విచారణ జరుపుతారు. ఎంపిక చేసిన మరణాలపై కుటుంబ సభ్యులతో సవివరంగా మాట్లాడి కారణాలు నిర్ధారిస్తారు. ఆసుపత్రి మరణాలకు వేరుగా సమీక్ష ఉన్నది. జబ్బును గుర్తించడంలో జాప్యమా, ఆసుపత్రికి చేర్చడంలో జాప్యమా, చికిత్స అందించడంలో జాప్యమా అన్నది పరిశీలించి జిల్లా స్థాయిలో దిద్దుబాటు చర్యలు చేపడతారు. ఎవరినీ నిందించడం దీని ఉద్దేశం కాదు.

సంరక్షణ గృహాలు, కమిషన్లు

బాలల గృహాలను తనిఖీ కమిటీలు కనీసం మూడు నెలలకొకసారి సందర్శించవలెనని బాల న్యాయ చట్టం 54వ సెక్షన్ నిర్దేశించుచున్నది. ముగ్గురికి తగ్గని ఈ బృందంలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పక ఉండవలెను. ఈ చట్టం అమలును పర్యవేక్షించే బాధ్యత జాతీయ, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్లది. 2005 నాటి చట్టం ప్రకారం విచారణ సమయంలో వీటికి సివిల్ కోర్టు అధికారాలుంటాయి. సాక్షులను పిలిపించవచ్చును, రికార్డులు తెప్పించవచ్చును, బాధ్యులపై చర్యలకు ప్రభుత్వానికి సిఫారసు చేయవచ్చును, అవసరమైతే హైకోర్టును ఆశ్రయించవచ్చును.

గుంటూరు అనుభవం

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న పది రోజుల శిశువు ఎలుకలు కరచిన అనంతరం మరణించుట రాష్ట్రమంతటినీ కలచివేసినది. ప్రభుత్వం విచారణకు ఆదేశించి, సిబ్బందిపై చర్యలు తీసుకొన్నది. నిర్లక్ష్యం అనునది ఇంటికే పరిమితం కాదని, పారిశుద్ధ్యం, రాత్రివేళ పర్యవేక్షణ వంటి చిన్న విషయాలలో లోపమే ప్రాణాంతకం కాగలదని ఆ ఘటన తెలిపినది.

పూరించవలసిన వెలితి

2014 మార్గదర్శకాలు ఐదేళ్ల లోపు వారికే వర్తిస్తాయి. అంతకు పైబడిన పిల్లలు హింస వలన మరణించినపుడు ఒక శాఖ వద్ద పోలీసు కేసు, మరొక చోట బాలల సంక్షేమ కమిటీ ఫైలు, వేరొక చోట పాఠశాల హాజరు పట్టీ ఉంటాయి. వీటిని ఒకే బల్లపై ఉంచి చదివినపుడే ముందస్తు హెచ్చరికలు కనిపిస్తాయి. అమెరికాలోని లాస్ ఏంజెలస్‌లో 1978లోనే ఇట్టి ఉమ్మడి బృందం ఏర్పడినది. లండన్‌లో 2000లో బంధువుల హింసకు బలైన ఎనిమిదేళ్ల బాలిక ఉదంతంపై లార్డ్ లేమింగ్ 2003లో సమర్పించిన నివేదిక, ఆమెను కాపాడే అవకాశాలు పలుమార్లు చేజారినట్లు వెల్లడించినది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో బాలల చట్టం వచ్చినది.

ప్రజల పాత్ర

సమీక్ష ఎంత పటిష్ఠమైనదైనా, నమోదు కాని మరణాన్ని అది పరిశీలించజాలదు. వలస కూలీల బిడ్డ పేరు సొంత ఊరి జాబితాలోనే ఉండి, మరణం ఇక్కడ సంభవించినచో రెండు చోట్లా లెక్క తప్పిపోయే ప్రమాదమున్నది. కావున పొలం యజమానులు, మేస్త్రీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఇరుగుపొరుగువారు బిడ్డ ఆపదలో ఉన్నట్లు గమనించిన వెంటనే 1098 లేదా 112 నంబరుకు తెలియజేయవలెను. లైంగిక నేరమైతే సమాచారమివ్వడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. మరణానంతరం జరిగే సమీక్ష మరొక బిడ్డను కాపాడవచ్చును. సకాలంలో చేసిన ఒక్క ఫోను ఈ బిడ్డనే కాపాడగలదు.