హేతువు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ. రెండు చోట్లా చెల్లే మాట హేతువు. కాకపోతే బెంగాలీలో ‘ఒహేతుక్’, అంటే ఊరికే, వాడుక మాట. మన ‘నిర్హేతుకం’ పుస్తకాలు దాటి రాదు.

హేతువుకు ధాతువు ‘హి’. పంపడం, ముందుకు తోయడం అని అర్థం. విసిరే ఆయుధానికి ‘హేతి’ అన్న పేరూ ఈ ధాతువు నుంచే వచ్చిందంటారు నిఘంటుకారులు. కనుక హేతువు అసలు అర్థం కారణం కాదు, కదిలించేది. ఇంజన్ల ఊరివాళ్లకు వేరే వివరించాలా!

న్యాయశాస్త్రం వాదానికి చెప్పిన పంచావయవాల్లో, అంటే ఐదు అంగాల్లో, దీనికి ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట) తర్వాతి స్థానమిచ్చింది. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కనుక. ఆ ‘కనుక’లోనే హేతువు ఉంది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతుచక్రమని తొమ్మిది గళ్లు గీసి, నెగ్గే హేతువులు రెండేనని తేల్చాడు. వాదాన్ని గళ్లలో పెట్టి తేల్చే పని మనకు కొత్త కాదు.

మరోచోట ఇదే మాట తిట్టు. ‘హైతుకుణ్ణి’, అంటే హేతువులు తీసి వాదించేవాణ్ణి, మాటవరసకైనా గౌరవించవద్దంటుంది మనుస్మృతి. కానీ ఇరవయ్యో శతాబ్దపు తెలుగులో ‘హేతువాది’ తలెత్తుకు తిరిగాడు.

1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఐఐటీ వెలసిన ఊరు ఖరగ్‌పూర్. కంప్యూటర్ చేత వాదాలు పుట్టించే శాస్త్రంలోనూ హేతువే కీలకం. ఆ శాస్త్రాన్ని ఇక్కడి ఉదాహరణతోనే చెబుతాను. సిగ్నల్ ఎర్రగా ఉంది. ఎర్రగా ఉంటే బండి ఆగుతుంది. ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లు. ‘బండి ఆగుతుంది’ అన్న సాధ్యానికి, అంటే నిరూపించాల్సిన మాటకు, మొదటి రెండు వాక్యాలే హేతువు. మూడోది నిజమే, కానీ దేన్నీ కదిలించదు.

ఈ శాస్త్రంలో పరిశోధకులు ఫిలిప్ బెనార్, ఆంథొనీ హంటర్ 2001లో పెట్టిన నియమాలు ఇవే: హేతువులోని వాక్యాలు పరస్పరం విరోధించకూడదు, సాధ్యం వాటి నుంచి తప్పక రావాలి, వాటిలో ఏ ఒక్కటి తీసేసినా రాకూడదు. కష్టమంతా వెతకడంలో ఉంది. ఇరవై వాక్యాల్లోంచి ఏరగల గుంపులు 10,48,576. ఒక్కో వాక్యం చేరితే రెట్టింపు. అందుకే సాధ్యాన్ని కాదని మొదలుపెట్టి విరోధం పుట్టించే పద్ధతి వాడతారు. దానికి పనిముట్టు, రాబిన్సన్ 1965లో ఇచ్చిన రిజల్యూషన్ సూత్రం.

యంత్రం ఎదురువాదాన్నీ వెతుకుతుంది. సమబలమున్న ఎదురు హేతువు గల హేతువుకు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పేరు సిద్ధంగా ఉంది: సత్ప్రతిపక్షం.

తెలుగులో ఈ శాస్త్రం రాయబోయేవారికి ఒక మనవి. ‘ఆధారం’ అని సరిపెట్టకండి. ఆధారం కింద ఉండి మోస్తుంది, హేతువు నడిపిస్తుంది. హేతువు అనే రాయండి.