స్వయంగా కట్టిన విమానానికి లాగ్‌బుక్కే దిక్కు

విమానాల మరమ్మతు శాఖలో చేసి రిటైరైన మనకు లాగ్‌బుక్ విలువ వేరే చెప్పనక్కరలేదు. పుస్తకంలోకి ఎక్కని పని చేయని పనితో సమానమని నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఔత్సాహికులు ఇళ్ళలో కట్టుకునే చిన్న విమానాల చరిత్ర చదివాక ఆ పాఠం మరింత బోధపడింది.

1953లో పాల్ పోబెరెజ్నీ అమెరికాలోని మిల్వాకీలో ప్రయోగాత్మక విమానాల సంఘాన్ని స్థాపించారు. అక్కడి నిబంధన ప్రకారం సగానికి మించిన పని ఔత్సాహికులే చేయాలి. ఏటా తనిఖీ జరిపి నమోదు చేయాలి. ఫ్యాక్టరీ విమానాలకు ఒకే మాన్యువల్ సరిపోతుంది. వీటిలో ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఏ వైరు ఎటు పోయిందో కట్టినవారికే ఎరుక.

1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ తాను కొత్తగా కొన్న లాంగ్-ఈజీ విమానం కాలిఫోర్నియా తీరాన సముద్రంలో కూలి మరణించారు. బర్ట్ రూటన్ డిజైను ప్రకారం పైలటు కాళ్ళ మధ్య ఉండవలసిన ఇంధనపు వాల్వు పిడిని, కట్టినవారు ఎడమ భుజం వెనుక అమర్చారు. ఏ వైపు తిప్పితే ఏ ట్యాంకో గుర్తులు లేవు. ఇంధనపు గేజీల మీదా లేవు. దర్యాప్తు సంస్థ కొత్త విమానంపై శిక్షణ చాలకపోవడంతో పాటు వీటినీ కారణాల్లో చేర్చింది.

నేడు ముళ్ళ మీటర్ల స్థానంలో తెరలు వచ్చాయి. ఎన్ని గ్యాలన్లకు సెన్సరు ఏ అంకె చూపింది, వేగపు హద్దులు ఎంతెంత పెట్టారు, ఏ సాఫ్ట్‌వేరు వేశారు అన్నవన్నీ తేదీతో రాసుకోవాలి. యూనిట్ మార్చిన రోజున ఆ కాగితమే ఆధారం.

విమానం చేతులు మారినప్పుడు కట్టినవారి జ్ఞాపకం వెంట రాదు. పుస్తకం వస్తుంది. గుర్తుండిపోతుందిలే అనుకోకుండా ఆనాడే రాసిపెట్టడం తర్వాతి పైలటు ప్రాణానికి రక్ష.