తిరగని బంతితో 619 వికెట్లు

అనిల్ కుంబ్లే పేరెత్తగానే ఢిల్లీలో పాకిస్తాన్ మీద తీసిన పది వికెట్లే ఎవరికైనా ముందు గుర్తొస్తాయి. గుర్తు రావలసిందే. కానీ ఆ ఒక్క మధ్యాహ్నం అతని పద్దెనిమిదేళ్ళ కృషిని దాదాపుగా కమ్మేసింది. నన్నడిగితే కుంబ్లే బౌలింగ్‌కు శిఖరం ఢిల్లీలోని ఆ కోట్లా మైదానం కాదు, ఐదేళ్ళ తర్వాతి ఆస్ట్రేలియా పర్యటన. ముప్పై మూడేళ్ళ వయసులో, భుజానికి ఆపరేషన్ అయ్యాక, అప్పటిదాకా అన్నం పెట్టిన వేగాన్ని తగ్గించుకుని కొత్తగా నేర్చుకున్న బౌలింగ్ అది. అంతదూరం ఎలా వచ్చాడో తెలియాలంటే మొదటి నుంచీ చూడాలి.

1970 అక్టోబర్ 17న బెంగళూరులో పుట్టిన కుంబ్లే మొదట్లో మీడియం పేస్ వేసేవాడు. అన్న దినేశ్ సలహా మీద లెగ్ స్పిన్‌కు మారాడు. బౌలింగ్ మారినా పేసర్ ఒళ్ళు అలాగే ఉండిపోయింది. ఆరడుగులు దాటిన ఎత్తు, చివర్లో ఒక గెంతు ఉన్న రనప్, నిటారుగా పైనుంచి దిగే చెయ్యి. సంప్రదాయ లెగ్ స్పిన్నర్ మణికట్టును పక్కగా తిప్పి బంతిని ఆఫ్‌సైడుకు మళ్ళిస్తాడు. కుంబ్లే చేతిలోంచి వచ్చే బంతికి ముందుకు దొర్లే టాప్ స్పిన్ ఎక్కువ, పక్కకు తిరగడం తక్కువ. అలాంటి బంతి గాలిలో చివరి క్షణంలో కిందికి దిగుతుంది, పిచ్ మీద పడ్డాక చివ్వున లేస్తుంది. దీనికి తోడు ఫ్లిప్పర్. బొటనవేలికీ మొదటి రెండు వేళ్ళకూ మధ్య నుంచి చిటిక వేసినట్టు నలిపి వదిలే ఈ బంతి వెనక్కి తిరుగుతూ వచ్చి, నేల తాకగానే కిందగా జారిపోతుంది. ఒకటి బ్యాటు పైభాగానికి, ఇంకొకటి పాదాలకు. బ్యాటర్ వెనక్కి వెళ్ళి తీరిగ్గా చూసి ఆడే వ్యవధి లేదు. అతని టెస్టు వికెట్లలో 150కి పైగా ఎల్బీడబ్ల్యూలు కావడానికి కారణం ఇదే. బంతి తిరగదన్న ఫిర్యాదు అతను ఆడినన్నాళ్ళూ వినిపించింది. తిరిగి లెగ్ స్టంపును గానీ ఆఫ్ స్టంపును గానీ తప్పించుకునే బంతి కంటే, తిరగకుండా నేరుగా స్టంపుల మీదికి వచ్చే బంతితోనే బ్యాటర్‌కు ఎక్కువ ప్రమాదమని ఆ ఫిర్యాదు చేసినవాళ్ళు గమనించలేదు.

1990 ఏప్రిల్‌లో షార్జాలో తొలి వన్డే, అదే ఏడాది ఆగస్టులో మాంచెస్టర్‌లో తొలి టెస్టు. సచిన్ టెండూల్కర్ మొదటి టెస్టు సెంచరీ చేసిన మ్యాచ్ అది. కళ్ళద్దాలు పెట్టుకున్న కొత్త కుర్రాడు మొదటి ఇన్నింగ్స్‌లో మూడు వికెట్లు తీసినా, ఆ తర్వాత రెండేళ్ళు టెస్టు జట్టులో చోటు దొరకలేదు. ఆ విరామంలోనే బెంగళూరులో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. 1992 ఇరానీ కప్‌లో ఢిల్లీ మీద 13 వికెట్లు తీయడంతో మళ్ళీ పిలుపొచ్చింది. ఆ సీజన్‌లోనే దక్షిణాఫ్రికాలో నాలుగు టెస్టుల్లో 18 వికెట్లు పడగొట్టాడు. జొహానెస్‌బర్గ్‌లో 53 పరుగులకు ఆరు వికెట్లు.

1993లో ఇంగ్లండ్ జట్టు ఇక్కడికి వచ్చినప్పుడు అసలు దశ మొదలైంది. మన హైదరాబాదీ అజహరుద్దీన్ కెప్టెన్, అజిత్ వాడేకర్ మేనేజర్. స్వదేశంలో స్పిన్ పిచ్‌ల మీద ముగ్గురు స్పిన్నర్లతో దిగడమనే వ్యూహం వాళ్ళది. కుంబ్లేకు ఒక వైపు హైదరాబాద్ ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజు, ఇంకో వైపు ఆఫ్ స్పిన్నర్ రాజేశ్ చౌహాన్. మూడు టెస్టులూ మనవే. కుంబ్లేకు 21 వికెట్లు. అదే ఏడాది నవంబర్ 27న ఈడెన్ గార్డెన్స్‌లో హీరో కప్ ఫైనల్‌లో వెస్టిండీస్‌ను 12 పరుగులకు ఆరు వికెట్లతో కూల్చాడు. వన్డేల్లో భారతీయుడి ఉత్తమ ప్రదర్శనగా అది ఇరవై ఏళ్ళకు పైగా నిలిచి, 2014లో స్టువర్ట్ బిన్నీ చేతిలో బద్దలైంది. 1995లో నార్తాంప్టన్‌షైర్ తరఫున ఒక్క కౌంటీ సీజన్‌లో 105 వికెట్లు, 1996 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువగా 15 వికెట్లు. వన్డేల్లో మొత్తం 337 వికెట్లు తీశాడు గానీ, అతని అసలు కథ టెస్టులదే.

స్వదేశంలో దొరికింది విదేశాల్లో దొరకలేదు. 1997 ఆగస్టులో కొలంబోలో శ్రీలంక 952 పరుగులు చేసినప్పుడు 72 ఓవర్లు వేసి, 223 పరుగులిచ్చి ఒక్క వికెట్ తీశాడు. 1999–2000 ఆస్ట్రేలియా పర్యటనలో మూడు టెస్టులకు కలిపి ఐదే వికెట్లు. పిచ్ సాయం లేకపోతే కుంబ్లే లేడన్న మాటకు అప్పట్లో గట్టి ఆధారమే ఉంది.

ఈ రెంటికీ మధ్య వచ్చింది కోట్లా టెస్టు. 1999 జనవరి 31న చెన్నైలో పాకిస్తాన్ 12 పరుగులతో గెలిచి వారమైంది. కోట్లా పిచ్‌ను అంతకుముందే దుండగులు తవ్వేశారు. దాన్ని సరిచేసి ఆడించారు. లక్ష్యం 420. ఫిబ్రవరి 7న లంచ్ వేళకు పాకిస్తాన్ వికెట్ పోకుండా 101. అప్పటికి కుంబ్లే ఆరు ఓవర్లు వేసి 27 పరుగులిచ్చాడు. లంచ్ తర్వాత పెవిలియన్ ఎండ్‌కు మారాడు. అఫ్రిది బ్యాటు అంచుకు తగిలి మోంగియా చేతుల్లోకి. తర్వాతి బంతికే ఇజాజ్ వికెట్ల ముందు దొరికిపోయాడు. ఇంజమామ్ బౌల్డ్. యూసుఫ్ యుహానా ఎల్బీ. మొయిన్ ఖాన్ క్యాచ్ గంగూలీకి, సయీద్ అన్వర్ క్యాచ్ లక్ష్మణ్‌కు. 101కి సున్నా కాస్తా 128కి ఆరు. సలీం మాలిక్, అక్రమ్ కాసేపు నిలబడి 58 పరుగులు జోడించారు. ఆ జోడీ విడిపోయాక తొమ్మిదో వికెట్ దాకా ఎంతోసేపు పట్టలేదు. పదో వికెట్ కోసం అవతలి ఎండ్‌లో శ్రీనాథ్ ఆఫ్ స్టంపుకు చాలా దూరంగా బంతులు వేశాడు. తనకు వికెట్ రాకూడదని ఒక ఫాస్ట్ బౌలర్ అంత జాగ్రత్తగా బౌలింగ్ చేయడం ఎంత గొప్ప స్నేహమో! చివరికి అక్రమ్ కొట్టిన బంతి షార్ట్ లెగ్‌లో లక్ష్మణ్ చేతుల్లో పడింది. ఎండ్ మారాక 20.3 ఓవర్లలో 47 పరుగులకు పది వికెట్లు. మొత్తం 74 పరుగులకు పది. అంతకుముందు ఆ ఘనత 1956లో జిమ్ లేకర్‌దే. ఆ తర్వాత 2021లో ముంబైలో ఎజాజ్ పటేల్‌ది.

2001లో భుజం శస్త్రచికిత్స వల్ల ఆస్ట్రేలియాతో చరిత్రాత్మక సిరీస్‌కు దూరమయ్యాడు. ఆ సిరీస్‌లో 32 వికెట్లు తీసిన ఆఫ్ స్పిన్నర్ హర్భజన్, ఆ తర్వాత జట్టులో మొదటి స్పిన్నర్ అయ్యాడు. కుంబ్లే స్థానం మొదటిసారి సందేహంలో పడింది. 2002 మేలో ఆంటిగ్వాలో బ్యాటింగ్ చేస్తుండగా వెస్టిండీస్ పేసర్ డిల్లన్ బంతి తగిలి దవడ ఎముక విరిగింది. ఇంటికి బయల్దేరాల్సిన మనిషి తలచుట్టూ కట్టు కట్టించుకుని మైదానంలోకి దిగి వరుసగా 14 ఓవర్లు వేశాడు. లారాను ఎల్బీగా పంపాడు. దీన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకోవడం మామూలే. నాకు అందులో కనిపించే ఇంకో సంగతి ఏమిటంటే, దవడ కదపలేని స్థితిలోనూ అతని లెంగ్త్ చెదరలేదు. ఆ నియంత్రణే చివరిదాకా అతనికి దక్కిన ఆస్తి.

2003 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో మొదటి టెస్టుకు కుంబ్లేను తీసుకోలేదు. హర్భజన్ గాయపడ్డాకే అడిలైడ్‌లో చోటు దక్కింది. అక్కడ కనిపించింది వేరే బౌలర్. బంతిని గాలిలోకి కాస్త ఎత్తుతున్నాడు, వేగం మారుస్తున్నాడు. ఒకప్పుడు ఈటెలా దూసుకొచ్చిన గూగ్లీని నెమ్మదిగా వేసి, బ్యాటర్‌ను ముందుకు రమ్మని పిలుస్తున్నాడు. అడిలైడ్‌లో 154కి ఐదు. మెల్‌బోర్న్‌లో 176కి ఆరు. సిడ్నీలో మొదటి ఇన్నింగ్స్‌లో 141కి ఎనిమిది, రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు. చివరి టెస్టు ఆడుతున్న స్టీవ్ వా 80 పరుగుల దగ్గర కుంబ్లే బంతిని స్వీప్ చేసి టెండూల్కర్‌కు దొరికాడు. ఆ మ్యాచ్‌లో కుంబ్లే వేసినవి దాదాపు 89 ఓవర్లు. మూడు టెస్టుల్లో 24 వికెట్లు. నాలుగేళ్ళ కిందట అదే నేల మీద మూడు టెస్టుల్లో వచ్చినవి ఐదే అని గుర్తుంచుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. కోట్లాలో అప్పటికే చేతిలో ఉన్న ఆయుధాలకు ఒక్కరోజు అన్నీ కలిసొచ్చాయి. సిడ్నీలో లేని ఆయుధాన్ని తయారుచేసుకుని వచ్చాడు.

ఆ తర్వాత పంట కోతే. ముల్తాన్‌లో 72కి ఆరు. 2004 అక్టోబర్‌లో చెన్నైలో ఆస్ట్రేలియా మీద 13 వికెట్లు. ఆ డిసెంబర్‌లో ఢాకాలో కపిల్ దేవ్ 434 వికెట్ల రికార్డు దాటాడు. 2006 మార్చిలో మొహాలీలో 500వ వికెట్. అదే ఏడాది జమైకాలో 78కి ఆరు వికెట్లు తీసి, 35 ఏళ్ళ తర్వాత వెస్టిండీస్‌లో సిరీస్ గెలిపించాడు. 2007లో కెప్టెన్ అయ్యాడు. సిడ్నీలో వివాదాల మధ్య ఓడిన జట్టును పెర్త్‌లో గెలిపించాడు. సైమండ్స్ వికెట్‌తో అక్కడే 600 పూర్తయ్యాయి. అంపైర్ నిర్ణయాన్ని సమీక్షించే డీఆర్ఎస్‌ను అంతర్జాతీయ క్రికెట్‌లో మొదట పరీక్షించిన 2008 శ్రీలంక సిరీస్‌లోనూ అతనే కెప్టెన్. బ్యాటర్ ముందుకు కాలు చాపితే చాలు, అనుమానం అతనికే మేలు చేసే అంపైరింగ్ కాలంలో కుంబ్లే ఆడాడు. డీఆర్ఎస్ పదేళ్ళ ముందే వచ్చి ఉంటే అతని ఎల్బీల లెక్క ఇంకా పెరిగేదని నా నమ్మకం.

2008 చివర్లో ఢిల్లీలో ఆస్ట్రేలియాతో ఆడుతుండగా వేలికి గాయమై కుట్లు పడ్డాయి. అయినా తిరిగొచ్చి, మిచెల్ జాన్సన్ క్యాచ్‌ను తన బౌలింగ్‌లోనే పరిగెత్తి పట్టి 619వ వికెట్ తీసుకున్నాడు. ఆ మ్యాచ్‌తోనే తప్పుకున్నాడు. 132 టెస్టులు, సగటు 29.65. విడగొట్టి చూస్తే స్వదేశంలో 350 వికెట్లు 24.88 సగటుతో, విదేశాల్లో 269 వికెట్లు 35.85తో. విమర్శకులు ఈ రెండో అంకెనే పట్టుకుంటారు. అది దాచేది కాదు. అయితే భారత్ గెలిచిన టెస్టుల్లో అతని సగటు 19 కంటే తక్కువ. ద్రావిడ్, లక్ష్మణ్, టెండూల్కర్ పరుగులు చేసిపెట్టాక ఇరవై వికెట్లు తీసే బాధ్యత ఎవరి మీద పడిందో ఆ అంకె చెబుతుంది.

అశ్విన్ 537 వికెట్లతో అతని దరిదాపుల్లోకి వచ్చి 2024లో ఆగిపోయాడు. అశ్విన్ ఆఫ్ స్పిన్నర్. కుంబ్లే తర్వాత వచ్చిన కుడిచేతి లెగ్ స్పిన్నర్లలో అమిత్ మిశ్రాకు 22 టెస్టులు, పీయూష్ చావ్లాకు మూడు టెస్టులు దొరికాయి. భారత టెస్టు జట్టులో ఆ స్థానం ఇంకా ఎవరికీ స్థిరపడలేదు.