గాజుగోడల నడుమ మిత్రలాభము

విశాఖపట్టణపు రేవు ముఖద్వారమునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొని నిలిచిన కొండకు పాశ్చాత్య నావికులు డాల్ఫిన్ ముక్కు అని పేరు పెట్టగా, మనవారు దానిని యారాడ కొండ యందురు. ఆ కొండకు ఆవల, మూడు దిక్కుల గుట్టలును నాలుగవ దిక్కున కడలియు గల యొదుగులో, కొబ్బరితోటల నడుమ యారాడ గ్రామ మున్నది. ఉప్పునీటి నురుగులో పాదములు తడియుచుండగా మంచినీటి గాజుతొట్టెను గూర్చి ముచ్చటించుట వింతగా తోచవచ్చును. కాని చేపను పట్టి తినుటతో తృప్తి పడక, దాని పేరడిగి, రెక్కల ముండ్లు లెక్కించి, గుణము తెలిసికొనవలెనను కుతూహలము ఈ తీరమున చాల ముందుగనే మొలకెత్తినది. ఏ చేపను ఏ చేపతో కలిపి పెంచవలెనను నేటి గృహస్థుని ప్రశ్నకు మూలములు వెదకువారు ఇచ్చటనుండియే బయలుదేరుట యుక్తము.

18వ శతాబ్ది తుదిభాగమున పాట్రిక్ రసెల్ అను వైద్యుడు, విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువులో పెద్ద యధికారిగా నున్న తన సోదరుడు క్లాడ్ రసెల్‌తో కూడ ఈ ప్రాంతమునకు వచ్చి, 1785లో కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియుక్తుడై, పాములనుగూర్చి పరిశోధించి ఎంత పేరు పొందెనో, చేపలనుగూర్చియు నంత శ్రద్ధతో పరిశ్రమించెను. ఇచ్చట సేకరించిన ఇన్నూఱు చేపల వర్ణనలును చిత్రములును గల ఆయన గ్రంథము రెండు సంపుటములుగా 1803లో లండనున వెలువడినది. ఆ గ్రంథమున నన్ను మిక్కిలి ఆకర్షించిన విశేషమేమనగా, రసెల్ చేపలకు తన దేశపు పేర్లు తగిలింపక, ఈ తీరమున చెవిని బడిన తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. చేపను చేతికిచ్చి పేరు చెప్పినవారు ఈ రేవుల జాలరులు గాక మఱెవ్వరు? అట్లు వ్రాసికొన్న సావల, జెల్లో మొదలైన మాటలు తరువాతి శాస్త్రజ్ఞుల లాటిను నామములలో నేటికిని నిలిచియున్నవి.

ఆ మాటలలో మంచినీటి చేపకు సంబంధించినది వాలుగ. రసెల్ దానిని 'వల్లగూ' అని వ్రాయగా, డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ 1851లో ఆ తెలుగు మాటనే గ్రహించి 'వల్లగో' అను ప్రజాతినామమును కల్పించెను. వాలుగను చూచినవారికి దాని నోటిని వర్ణింప నక్కఱలేదు: కంటిని దాటి వెనుకకు చీలిన ఆ నోటిలో సన్నని పండ్లు వరుసలు వరుసలుగా నుండును, పొడవైన మీసములు చీకటినీటిలో ఎరను తడవి పట్టుకొనును, ఎదిగినచో మనిషి నిలువులో సగమును మించి పెరుగును. తన నోట పట్టిన ప్రతి ప్రాణియు దానికి ఆహారమే. శాస్త్రలోకమునకు తెలుగుదేశ మిచ్చిన పేర్లలో నొకటి, తొట్టెలో తోడులేని యీ చేపకు దక్కినది. మన పూర్వులు మత్స్యన్యాయ మని దేనికి పేరు పెట్టిరో, అది వాలుగ బ్రదుకే.

చేపలను రాజులు వినోదముగా పరిశీలించుట మనకు క్రొత్త గాదు. కాకతీయులకు మొదట ఏలికలైన కళ్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు 1131 ప్రాంతమున సంస్కృతమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోద మను ప్రకరణమే కలదు. అందు కడలి చేపలు, ఏటి చేపలు, పొలుసు గలవి, లేనివి యని విభాగములు చేసి, ఏ చేపకు ఏ మేత హితమో చెప్పెను. అయినను ఆ వినోదము గాలమునకు సంబంధించినది. చేపను చంపక, వండక, కనులయెదుట ఊరక బ్రదుకనిచ్చి చూచుట వేఱొక సంస్కారము. దానికి గాజు కావలెను, గాజును మించి స్నేహశాస్త్రము కావలెను.

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను ప్రకటించి, మిత్రలాభ మిత్రభేదములను తెలుగు పిల్లల నోటికి పాఠముగా నిచ్చిన 1853వ సంవత్సరముననే లండను జంతుశాలలో ప్రజలు చూచుటకై మొట్టమొదటి మత్స్యగృహము తెఱవబడినది. ఈ రెండింటికి సంబంధము లేదని నే నెఱుగుదును; కాని తొట్టెలోని చేపల పొత్తునుగూర్చి తలచినప్పుడెల్ల నాకు ఆ రెండును కలిసియే స్ఫురించుచుండును. ఏలయన, ఆ మత్స్యగృహమునకు దారి చూపినది ఒక చిన్న మైత్రీకథ. రాబర్ట్ వారింగ్‌టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1849లో పండ్రెండు గాలన్ల తొట్టె యడుగున ఇసుకయు మన్నును పఱచి, నాడావలె పొడవైన ఆకులుగల వాలిస్‌నేరియా మొక్కను నాటి, రెండు చిన్న బంగారుచేపలను విడిచెను. చేప విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్క పీల్చుకొని, మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చుకొని, నీరు మార్చకయే రెండును సుఖముండునని ఆయన యూహ. కొన్ని దినములు బాగుగనే గడచినవి. పిదప ముదిరిన ఆకులు క్రుళ్ళి, గాజునకు పసరునాచు పట్టి, నీరు మసకబాఱ నారంభించినది. అప్పు డాయన చెఱువునత్తలను కొన్నింటిని తెచ్చి వేసెను. అవి క్రుళ్ళిన ఆకును నాచును మేసి తొట్టెను తేటపఱచుటయేగాక, అవి పెట్టిన గ్రుడ్లు చేపలకు మేతయైనవి. 1850లో ఆయన ప్రకటించిన యీ ఫలితమే అక్వేరియమునకు పునాది. 1854లో గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు తన గ్రంథమునకు ఆ పేరే పెట్టి ఇంటింట వ్యాపింపజేసెను. చేప, మొక్క, నత్త: ఈ ముగ్గురి చెలిమిలో ఏ యొక్కరు లోపించినను తక్కిన ఇద్దఱును నిలువలేరు.

నాలుగవ మిత్రుడు కంటికి కనబడడు. వారింగ్‌టన్ కుమారుడు, తండ్రి పేరే గలవాడు, రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున నేలలోని అమోనియా నత్రితములుగా మారు విధమును పరిశోధించెను. ఆ మార్పు రెండంతస్తులుగా సూక్ష్మజీవులవలన జరుగునని తేలినది. తొట్టెలో చేప మలమునుండి పుట్టు అమోనియా ఘోరవిషము. దానిని హరించు సూక్ష్మజీవులు ఇసుకలోను వడపోతలోను నెలకొనుటకు మూడు వారములనుండి ఆఱు వారముల కాలము పట్టును. క్రొత్తవాడు ఆదివారమునాడు తొట్టె కొని, ఆ సాయంకాలమే ఇరువది చేపలు వదలి, బుధవారమునాటికి ఒక్కొక్కటియే వెలికిల తేలుచుండగా దిష్టి తగిలినదని దుఃఖించును. తండ్రి కనుగొనిన ధర్మమును పాటించి, కుమారుడు పరిశోధించిన ధర్మమును మఱచుటయే ఆ మృతికి కారణము.

ఇక చేపల రాకపోకలు చూడుడు. బంగారుచేప చీనా దేశపు కొలనులలో శతాబ్దములపాటు పెరిగి లోకమంతట తిరిగినది. గంగానదీప్రాంతపు చేపలను వర్ణించి 1822లో గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ హామిల్టన్, నేడు జీబ్రా డేనియో అని అంగళ్ళలో అమ్మబడు నీలిచారల చేపను, మగవాని యొడలు పెండ్లినాటికి కెంపెక్కు రోజీ బార్బును, మఱుగుజ్జు గౌరామిని అందు చేర్చెను. డేనియో అను మాటయే వరిపొలమును సూచించు వంగమాటనుండి పుట్టినది. మన వరిచేలలోను చెఱువులలోను పరిగె లని పిలుచు చేపలు ఈ బార్బులకు దాయాదులు. మనవారు పులుసులోనికి మాత్రమే తగునని భావించిన యీ కుటుంబమునే పాశ్చాత్యులు గాజుతొట్టెలలో నిలిపి, పెంచి, పిల్లలు చేయించి, అలంకారపు చేపలను పేర మఱల మనకే అమ్ముట ఆలోచింపదగినది.

విశాఖపట్టణము చెన్నరాజధానిలో నున్న కాలమున, 1909లో, మద్రాసు సముద్రతీరమున మత్స్యశాల తెఱవబడినది. ఎడ్గార్ థర్‌స్టన్ దానికి మూలపురుషుడు. బొంబాయి తారాపూర్‌వాలా మత్స్యశాల 1951 నాటిది. మన విశాఖ సముద్రపుటొడ్డున మత్స్యదర్శిని తరువాత వచ్చినది. ఇండ్లలోని తొట్టె మాత్రము చిరకాలము ఇనుపచట్రమునకు లప్పముతో గాజుపలకలు అతికిన బరువైన వస్తువై, శ్రీమంతుల చావడికే పరిమితమై యుండెను. సిలికాన్ జిగురు వచ్చి, గాజునకు గాజే అతుకుటకు వీలైన పిదపనే అది సామాన్యుని యింట అడుగిడినది. నేడు మదరాసు కొళత్తూరునుండియు కలకత్తానుండియు ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్కు సంచులలో చేపలు తరలివచ్చుచున్నవి. ఆ సంచిని తొట్టెనీటిపై పావుగంట తేలనిచ్చి, వేడిమి సమమైన పిదప గ్లాసుతో కొంచెముకొంచెముగా తొట్టెనీరు సంచిలో కలిపి, తుదకు చేపను మాత్రము వలతో తీసి విడువవలెను. సంచిలో చారలు వెలిసి, రెక్కలు ముడుచుకొని, మూల కొదిగిన చేప, తొట్టెలో మొక్కచాటు చేరిన అరగంటకు మెల్లమెల్లగా రంగు తెచ్చుకొనుట చూచిన వానికి మఱి యే వినోదమును రుచింపదు.

పొత్తు కుదుర్చుటలో మొదట చూడవలసినది నోరు. ఒక చేప నోట మఱొకటి పట్టునేని అది చెలిమి గాదు, వాయిదా వేసిన భోజనము. కొఱ్ఱమీను పిల్ల ముద్దుగా నున్నదని గప్పీలతో కూడ విడిచినవాడు తెల్లవాఱునప్పటికి కొఱ్ఱమీనును మాత్రమే చూచును. స్వభావము పిదప. టైగర్ బార్బులు ఏంజెల్ చేప వ్రేలాడు రెక్కల తీగలను కొసలనుండి కొఱికి మోడుచేయుట నేనొక అంగడి తొట్టెలో స్వయముగా చూచితిని; ఏంజెల్ పారిపోదు, ఎదిరింపదు, మూలకు తిరిగి నిలుచును. అదే బార్బును ఎనిమిదింటికి తక్కువగాక గుంపుగా నుంచినచో, ఆ దుడుకుతనము తమలో తామే తీర్చుకొనును. గుంపుచేపను ఒంటరిగా నుంచుట క్రౌర్యము. మగ ఫైటరును మఱొక మగ ఫైటరుతో నుంచుట హత్య. బంగారుచేప చల్లనినీటి జాతి, మిక్కిలి తిని మిక్కిలి మలినము చేయును. చుఱుకైన డేనియోలతో దానికి పొసగదు. నీటి గుణమును చూడవలెను. కడలియంచు పల్లెలలో బావినీరు కఠినజలమైనచో గప్పీలును మోలీలును అందు వర్ధిల్లును. అమెజాను అడవివాగులలో పుట్టిన నియాన్ టెట్రా అందు క్షీణించును. కొళాయినీరైనచో క్లోరిను పోవుటకు ఒక దినము నిలువ నుంచవలెను.

నన్నడిగినచో, మొదటి తొట్టెకు పైయంతస్తున ఆఱు డేనియోలు, నడుమ ఆఱు రోజీ బార్బులు, మొక్కలచాటున ఒక జత గౌరామి చాలును. మూడును మన ఉపఖండపు నీటివే. మన వేసవికి వెఱచునవి గావు. ఒకదాని నోట మఱొకటి పట్టదు. గౌరామికి గొరకకువలెనే గాలి పీల్చు అవయవము కలదు గనుక అది నీటిపైకి వచ్చి గ్రుక్కెడు గాలి మ్రింగిపోవుట చూచి పిల్లలు సంతోషింతురు. తొట్టె రెండు మూరల పొడవునకు తగ్గరాదు.

చివరకొక మాట. 1928లో ఇటలీనుండి మన దేశమునకు గంబూసియా అను దోమలను తిను చేప తేబడినది; విశాఖ నగరపాలకులును దానిని చెఱువులలోను గుంటలలోను విడుచుచు వచ్చిరి. దోమపిల్లలను తినుచున్నమాట నిజమే కాని, ఆ చేప దేశవాళి చేపల గ్రుడ్లను పిల్లలను గూడ తినును, రెక్కలు కొఱుకును. నెత్తిన వెండిచుక్క మెఱయు మన పాంచాక్స్ చేప అనాదిగా ఈ దోమలపనియే చేయుచుండగా దానిని విస్మరించితిమి. అంతకు మించిన అపచారము గాజుతొట్టెలనుండియే జరిగినది. నాచు తినునని చెప్పి క్రొత్తవానికి అంగడివాడు అంటగట్టు సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అది అడుగును మించి పెరిగి తొట్టెలో పట్టనప్పుడు దయ దలచి కాలువలో వదలిరి. నేడు కృష్ణా గోదావరీ ప్రాంతముల చెఱువులలో అది పెరిగి, పెంకువంటి యొడలితో ముండ్లతో జాలరుల వలలు చింపుచుండగా, వారు దానిని దెయ్యం చేప యని పిలుచుచున్నారు. కావున చదువరులారా, మీకు అక్కఱలేని చేపను అంగడివానికి తిరిగి యిండు, మఱొక పెంపకదారునకు దానము చేయుడు. ముడసర్లోవ జలాశయములో గాని మేఘాద్రిగెడ్డ జలాశయములో గాని యారాడ కొండవాగులో గాని ఎన్నటికిని విడువకుడు.