భట్టిప్రోలు ధాతుపేటికలు: దాచినది, దక్కినది

తెలుగువారి ఇళ్లలో కుంకుమభరిణకూ నగలపెట్టెకూ ప్రత్యేక స్థానం ఉంది. విలువైన వస్తువునూ, దానితో ముడిపడిన జ్ఞాపకాన్నీ ఒకే మూత కింద భద్రపరచుకోవడం మనకు పాత అలవాటు. ఈ అలవాటుకు మన నేలపై లభించిన అతి ప్రాచీన సాక్ష్యాలలో భట్టిప్రోలు ధాతుపేటికలు ముఖ్యమైనవి.

భట్టిప్రోలు నేటి బాపట్ల జిల్లాలో, కృష్ణా డెల్టాలో ఉన్న గ్రామం. అక్కడి బౌద్ధ మహాస్తూపం కాలక్రమాన ఒక దిబ్బగా మిగిలింది. పందొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలను రోడ్డు పనులకూ, పాలరాతి ఫలకాలను వెల్లటూరు వద్ద కాలువ తూము కట్టడానికీ తరలించారు. నలుగురి కంటికీ కనిపించిన అండభాగం ఆ విధంగా అంతరించింది.

కంటికి కనిపించనిది మాత్రం దక్కింది. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ దిబ్బ నడిమి భాగాన్ని తవ్వించగా మూడు రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు భరిణలు, ధాతుశకలాలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు ఉన్నాయి. రాతిలో స్ఫటికం, స్ఫటికంలో ధాతువు: పొర లోపల పొరగా వాటిని అమర్చారు. ఇవి ప్రదర్శన కోసం చేసినవి కావు. ఒకసారి మూసిన తరువాత మళ్లీ ఎవరూ తెరవకూడదన్నదే ఆనాటి సంకల్పం. అయినా వాటి పనితనంలో లోపం లేదు.

ఈ పేటికల అంచులపై ప్రాకృత భాషలో శాసనాలు చెక్కి ఉన్నాయి. పేటికను అందులో ‘మజూస’ అన్నారు. అది మన మంజూష. ‘ఫలిగసముగ’ అంటే స్ఫటికపు భరిణ, ‘పాసాణసముగ’ అంటే రాతి భరిణ. కురుడి తండ్రి, కురుడి తల్లి, కురుడు, శివుడు కలిసి బుద్ధధాతువుల కోసం పేటికనూ స్ఫటికపు భరిణనూ చేయించారని ఒక శాసనం తెలుపుతుంది. ఆ తల్లిదండ్రుల సొంత పేర్లు అందులో లేవు. కొడుకు పేరుతోనే వారు అందులో కనిపిస్తారు. మరొక శాసనంలో కుబీరక రాజు కనిపిస్తాడు. అతడు సింహగోష్ఠికి ప్రముఖుడని చెప్పారే కాని, బిరుదులు లేవు, యుద్ధవిజయాలు లేవు. రాజుతోపాటు గోష్ఠిలోని సామాన్య సభ్యుల పేర్లూ రాతికెక్కాయి.

1894లో జార్జ్ బ్యూలర్ ఈ శాసనాలను పరిష్కరించి ప్రకటించాడు. అశోకుని బ్రాహ్మీ లిపికి భిన్నమైన కొన్ని అక్షరరూపాలు వీటిలో ఉన్నాయనీ, హల్లులోని అకారాన్ని సైతం ఒక గీతతో సూచించారనీ ఆయన గుర్తించాడు. దక్షిణ భారత లిపుల చరిత్రలో ఈ పేటికలకు అప్పటినుంచి చెరగని స్థానం ఏర్పడింది.

ఇక్కడ దొరికిన ధాతువు 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారానికి చేరింది. పేటికలు చెన్నై మ్యూజియానికి వెళ్లాయి. స్తూపం పునాది ఊరిలో నిలిచింది. బుద్ధుని స్మృతిని నిలపాలని చేయించిన పేటికలు, వాటిని చేయించినవారి స్మృతిని కూడా రెండువేల ఏళ్లకు పైగా కాపాడాయి. ఆనాటివారు తమ పేర్లను భూమికి అప్పగించి నిశ్చింతగా ఉన్నారు. భూమి వాటిని తిరిగి మనకిచ్చింది. ఆ పేర్లను భట్టిప్రోలు పిల్లలు తమ లిపిలో చదువుకునేటట్లు చేయడం ఇక మన వంతు.