నిట్టూర్పు పుట్టుక

ఆగిరిపల్లి మామిడితోటల మీద కోతల వేళ గాలివాన విరుచుకుపడితే, తెల్లారేసరికి చెట్ల కింద కాయలు పరుచుకుని ఉంటాయి. ఏడాది కష్టం నేలపాలైన రైతుకు నోట మాట రాదు, నిట్టూర్పే వస్తుంది. ఈ మాట పుట్టుక తెలుసుకోదగ్గది.

విడదీస్తే నిడు, ఊర్పు. ‘నిడు’ అంటే పొడవైన. నిడివి, నిడుపు అనే మాటల్లో అది ఇంకా బతికే ఉంది. ‘ఊర్పు’ అంటే శ్వాస. కుఱు, చిఱు, కడు, నడు, నిడు శబ్దాలకు అచ్చు పరమైతే చివరి ఱ, డ అక్షరాలు ‘ట్ట’గా మారతాయని చిన్నయసూరి బాలవ్యాకరణం చెబుతుంది. చిట్టెలుక, నట్టిల్లు, కట్టెదురు అలా ఏర్పడ్డవే. బడిలో దీన్నే ద్విరుక్తటకారాదేశ సంధి అంటారు.

పొరుగు భాషలూ ఇదే దారిలో నడిచాయి. కన్నడంలో నిట్టుసిరు, తమిళంలో నెట్టుయిర్ప్పు, మలయాళంలో నెడువీర్ప్పు. అన్నిటికీ అర్థం నిడుపాటి శ్వాసే. తమిళంలో ‘ఉయిర్’ అంటే ప్రాణం. మన ఊర్పు, ఉసురు దాని తోబుట్టువులే. అందుకే తెలుగులో ఉసురు అంటే ప్రాణం కూడా. పని కాక ఉసూరుమంటూ ఇల్లు చేరతాం. పేదవాడి ఉసురు పోసుకోవద్దని పెద్దలు హెచ్చరిస్తారు. బాధపడ్డవాడి ఊపిరి బాధపెట్టినవాడికి తగులుతుందన్న నమ్మకం ఆ మాటలో ఉంది.

మాట నిర్మాణంలో మాత్రం దుఃఖం లేదు, పొడవే ఉంది. శరీరశాస్త్రమూ దాన్నే సమర్థిస్తోంది. మనిషి తనకు తెలియకుండానే గంటకు సుమారు 12 సార్లు నిట్టూరుస్తాడు. ఊపిరితిత్తుల్లో ముడుచుకుపోయిన గాలిగదులు ఆ పెద్ద శ్వాసతో మళ్లీ విచ్చుకుంటాయి. మెదడు కాండంలో దీన్ని నడిపే నాడీకణాలను అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకల్లో గుర్తించి 2016లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మన పూర్వులు వేదన కన్నా ముందు శ్వాస నిడివిని గమనించి, దానికే పేరు పెట్టారు.

తెలుగు పంతుళ్లకు ఒక విన్నపం. నిట్టూర్పును సంధికి ఉదాహరణగా బల్ల మీద రాసి వదిలేయకండి. నిడు అంటే ఏమిటో, ఊర్పు అంటే ఏమిటో, ఉసురుతో దానికున్న చుట్టరికం ఏమిటో కూడా చెప్పండి. అర్థం తెలిసిన సూత్రాన్ని పిల్లలు మరచిపోరు.