తొట్టి లేని గీజరు

గీజరు అనగానే నేడు మనకు స్నానాల గది గోడకు బిగించిన తొట్టి స్ఫురిస్తుంది. కాని ఆ పేరుతో వెలసిన మొదటి సాధనానికి తొట్టే లేదు. ఐస్‌లాండులో వేడినీటిని ఉండి ఉండి పైకెగజిమ్మే గైసిర్ అనే ఊట ఒకటున్నది. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే రంగుల పనివాడు, నీరు పారుతుండగానే గ్యాసు మంటతో వేడెక్కించే సాధనమొకటి చేసి, దానికి ఆ ఊట పేరు పెట్టినాడు. అయితే మండిన వాయువులు బయటికి పోవడానికి అందులో గొట్టము లేదు. ఆ లోపము ప్రాణాంతకమైనది.

పల్నాటి ఇండ్లలో అప్పుడూ, ఆ తరువాత చాలాకాలమూ పెరటి పొయ్యి మీది కాగే స్నానానికి ఆధారము. కాగుది నిలువ పద్ధతి. మాన్‌ది ప్రవాహ పద్ధతి. విద్యుత్తు ప్రవహించే తీగలో ఎంత ఉష్ణము పుడుతుందో జేమ్స్ జౌల్ 1841లోనే సూత్రీకరించినాడు. విద్యుత్తు ఇండ్లకు చేరిన తరువాత రెండు పద్ధతులూ మంట లేకుండానే సాధ్యమయినవి.

ఈ రెండింటిలో మనకేది మేలు? లెక్క వేసి చూతము. నరసరావుపేటలోనో గురజాలలోనో చలికాలపు నీరు 25 డిగ్రీలు అనుకొందము. స్నానానికి 40 డిగ్రీలు చాలును. 15 లీటర్ల బకెట్టుకు 15 డిగ్రీలు పెంచాలంటే 225 కిలోకెలోరీలు కావలెను. ఒక యూనిటు విద్యుత్తు 860 కిలోకెలోరీలకు సమానము గనుక ఖర్చు సుమారు పావు యూనిటు. 3 కిలోవాట్ల ప్రవాహ గీజరు ఈ పనిని అయిదు నిమిషాలకు కొంచెము పైగా చేస్తుంది. 15 లీటర్ల తొట్టి గీజరు నీటిని 60 డిగ్రీలకు కాచడానికి 0.61 యూనిటు తీసుకొంటుంది. ఆ నీటిలో చన్నీళ్లు కలిపితే రెండు బకెట్లకు పైగా వస్తుంది. ఒక్కరే స్నానము చేసి మిగిలినది వదిలివేస్తే ఆ వేడి క్రమంగా గాలిపాలవుతుంది. ఇంటిల్లిపాదీ వెంటవెంటనే స్నానము చేస్తే ఆ నష్టము స్వల్పమే.

ప్రవాహ గీజరుకూ హద్దులున్నవి. నిమిషానికి 8 లీటర్లు కురిసే షవరుకు ఇదే వేడి కావాలంటే 8 కిలోవాట్లకు పైగా శక్తి అవసరము. సామాన్య గృహాల ప్లగ్గు దానిని మోయలేదు. 3 కిలోవాట్లకే 13 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. కరెంటు పోయినప్పుడు తొట్టిలో ముందే కాగిన నీళ్లుంటాయి. ప్రవాహ గీజరులో ఏమీ ఉండవు.

పల్నాడు సున్నపురాతి సీమ. పిడుగురాళ్ల బట్టీలలో కాలే రాయి ఏదో, మన బోరునీటిలో కరిగి ఉన్నదీ ప్రధానంగా అదే. నీరు కాగినప్పుడు కాల్షియం బైకార్బనేటు విడిపోయి, కార్బనేటు తెల్లని పొరగా పేరుకొంటుంది. కాగు అడుగున ఏర్పడే ఆ పొరను ఇల్లాండ్రు చింతపండుతో తోమి వదిలించేవారు. గీజరు తీగకు అదే పట్టితే ఉష్ణము నీటికి చేరక తీగ మాడిపోతుంది. ప్రవాహ గీజరు పాత్ర చిన్నది. దాని దారులు త్వరగా పూడుకొంటాయి. కనుక బోరునీరు వాడే ఇంట ఏ గీజరునైనా అప్పుడప్పుడు శుభ్రము చేయించవలెను.

ఒకరిద్దరు బకెట్టు స్నానము చేసే ఇంటికి, తీగలూ ఎర్తూ సరిగా ఉంటే, ప్రవాహ గీజరు చాలును. గ్యాసుతో పనిచేసేదానిని మాత్రము స్నానాల గది లోపల పెట్టరాదు. గాలి చాలనిచోట గ్యాసు మండితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు పుట్టి, తలుపు వేసుకొని స్నానము చేసేవారి ప్రాణము తీస్తుంది. మాన్ సాధనములోని లోపము 1868తో పోలేదు; గాలి గొట్టము లేని ప్రతి గదిలో అది నేటికీ పొంచి ఉన్నది.